ప్రీమెడ్ పిల్లల్లో చాలామంది మెడికల్ స్కూల్‌కు అసలు అప్లై ఎందుకు చెయ్యరు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టులో పిల్లల్ని కాలేజీ డార్మ్‌లో దింపి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు అమెరికాలో ఏ ఊళ్లో కలిసినా "మావాడు ప్రీమెడ్", "మా అమ్మాయి ప్రీమెడ్" అన్న మాట వినిపిస్తుంది. మూడు నాలుగేళ్లు గడిచేసరికి వాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ మాట ఎత్తరు. అప్లై చేసి, సీటు రాక ఆగిపోయారా అంటే కాదు. అసలు అప్లికేషనే పెట్టలేదు. మా పెద్దమ్మాయి అలాగే రెండో ఏడాది చివర ఆగిపోయింది. ఆ సంగతి మాతో చెప్పడానికి తనకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ తను ఒక్కతే ఎలా గడిపిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. తోటి తల్లిదండ్రులతో, వాళ్ల పిల్లలతో మాట్లాడాను. వాళ్లు ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

ప్రీమెడ్ అంటే ఒక డిగ్రీయా?

కాదు. అమెరికాలో మెడిసిన్ చదవాలంటే మామూలుగా ముందు నాలుగేళ్ల కాలేజీ డిగ్రీ ఉండాలి. ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ లేదా డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్, ఇక్కడ రెండూ డాక్టరు డిగ్రీలే), ఆపైన స్పెషాలిటీని బట్టి మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ. కాలేజీలో ఉన్నప్పుడు మెడికల్ స్కూళ్లు అడిగే కోర్సులు పూర్తి చేసుకుంటూ పోవడాన్నే ప్రీమెడ్ అంటారు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ, వీటికి తోడు ఇంగ్లీషు, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి. మేజర్ ఏదైనా కావచ్చు, చరిత్ర అయినా సంగీతం అయినా.

ఈ పద్ధతి పాతదే. 1893లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూల్ చేరడానికి ముందే డిగ్రీ ఉండాలని పట్టుబట్టింది. 1910లో వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత దేశమంతా ఆ దారి పట్టింది.

ప్రీమెడ్‌లో ఎవరూ "చేర్చుకోరు", ఎవరూ "తీసెయ్యరు" కూడా. పిల్లలు తమను తాము ప్రీమెడ్ అనుకుంటారు, ఒకరోజు అనుకోవడం మానేస్తారు. దానికి ఏ కాగితమూ ఉండదు. అందుకే ఇంట్లో వాళ్లకు కనిపించదు.

మన నీట్‌తో పోలిస్తే తేడా ఎక్కడుంది?

మన దగ్గర డాక్టరు కావాలనుకుని బైపీసీ చదివిన పిల్లలు నీట్ రాస్తారు. 2024లో 23 లక్షల మందికి పైగా రాశారు. 720 మార్కులు, ఒక్క పరీక్ష, ఒక ర్యాంకు. వడపోత గుమ్మం దగ్గర జరుగుతుంది, అందరి కళ్ల ముందూ జరుగుతుంది. సీటు రాకపోతే "రాలేదు" అని చెప్పడానికి ఒక అంకె ఉంటుంది.

అమెరికాలో ఆ వడపోత గుమ్మం దాకా వచ్చేలోపు, దారి పొడవునా, నాలుగైదేళ్ల పాటు జరుగుతుంది. ఒక్కో మలుపు దగ్గర కొందరు ఆగిపోతారు. చివరికి గుమ్మం దగ్గర కనబడేవాళ్లు మొదట బయల్దేరినవాళ్లలో కొద్దిమందే. ఇండియాలో ఉన్న తాతయ్యలకీ అమ్మమ్మలకీ ఇది అర్థం కాకపోవడంలో తప్పులేదు. "పరీక్ష రాయకుండానే ఎందుకు మానేసింది?" అని మా అమ్మ నన్ను ఫోన్‌లో ఎన్నిసార్లు అడిగిందో.

అంకెల్లో చెప్పగలరా? నిజంగా అంతమంది మానేస్తారా?

2020లో ప్లాస్ వన్ అనే పరిశోధన పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 102 కాలేజీల్లో 2006-2009 మధ్య చేరిన 15,442 మంది విద్యార్థుల కోర్సులను అందులో పరిశీలించారు. ప్రీమెడ్ చదువుతామని అనుకున్నవాళ్లలో, మెడికల్ స్కూల్‌కు కావలసిన కోర్సులు పూర్తిచేసి డిగ్రీ తీసుకున్నవాళ్లు 16.5 శాతం. అంటే ఆరుగురిలో ఒకరు. ఇది కోర్సులు పూర్తిచేసిన వాళ్ల లెక్క మాత్రమే. పరీక్ష రాసి అప్లై చేసేది వాళ్లలోనూ అందరూ కాదు. వదిలేసేవాళ్లలో ఎక్కువమంది మొదట్లోనే వదిలేస్తున్నారని, పై కోర్సులకు వెళ్లేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుందని కూడా ఆ అధ్యయనం చెప్పింది.

ఇక గుమ్మం దాకా వచ్చినవాళ్ల సంగతి. ఈమధ్య సంవత్సరాల్లో ఎండీ స్కూళ్లకు ఏటా సుమారు 52,000 మంది అప్లై చేస్తున్నారు, సుమారు 23,000 మంది చేరుతున్నారు. నూటికి నలభై మందికి పైగా. ఈ అంకె చూసి "పరవాలేదే" అనుకుంటాం గానీ, అప్పటికే దారిలో ఆగిపోయినవాళ్లు ఇందులో లేరు.

ఎక్కువమంది ఎక్కడ ఆగిపోతారు?

కెమిస్ట్రీ దగ్గర. ఏ ప్రీమెడ్ విద్యార్థిని అడిగినా ఇదే మాట.

హైస్కూల్లో అన్నీ ఏ గ్రేడ్లే తెచ్చుకున్న పిల్లలు మూడువందల మంది కూర్చునే హాల్లో జనరల్ కెమిస్ట్రీకి వెళ్తారు. అక్కడున్న అందరూ తమ తమ స్కూళ్లలో మొదటివాళ్లే. మొదటి మిడ్‌టర్మ్‌లో యాభై ఆరు వస్తుంది. పుట్టి బుద్ధెరిగాక అంత తక్కువ మార్కు చూడని పిల్ల ఆ రాత్రి డార్మ్‌లో కూర్చుని "నేను దీనికి పనికిరాను" అనుకుంటుంది. రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ వస్తుంది. అది ఇంకా కష్టం. బట్టీ పట్టి వచ్చినవాళ్లు అక్కడ నిలబడలేరు, రియాక్షన్ ఎటు నడుస్తుందో ఆలోచించగలగాలి.

స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ బార్ అనే ఆచార్యుడు తన సహచరులతో కలిసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రెండేళ్లలో డాక్టరు కావాలన్న ఆసక్తి తగ్గిపోవడానికి పిల్లలు చెప్పిన ప్రధాన కారణం కెమిస్ట్రీ కోర్సులే. ఆ దెబ్బ అమ్మాయిల మీద, నల్లజాతి, లాటినో విద్యార్థుల మీద ఎక్కువ పడింది. 2022లో న్యూయార్క్ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ తరగతిలోని 350 మందిలో 82 మంది గ్రేడింగ్ కఠినంగా ఉందని పిటిషన్ పెట్టారు. ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్ మైట్‌ల్యాండ్ జోన్స్ కాంట్రాక్టును యూనివర్సిటీ రద్దు చేసింది. తప్పు ఎవరిదన్న దాని మీద దేశమంతా వాదులాడుకుంది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఆ ఒక్క కోర్సు పిల్లల జీవితాల్లో ఎంత పెద్దదైపోయిందో అది చూస్తే తెలుస్తుంది.

మంచి డాక్టరు కావడానికి ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఏ గ్రేడు తప్పనిసరి అని నేను నమ్మను. కానీ ఎండీ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు జీపీఏ (మొత్తం గ్రేడ్ల సగటు) 4కి 3.8 దగ్గరలో ఉన్నప్పుడు, రెండు సీ గ్రేడ్లు చూసిన పిల్లలు లెక్కలు వేసుకుని భయపడటం సహజం. కోర్సు మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా ఎండీ అప్లికేషన్‌లో పాత గ్రేడు పోదు, రెండూ లెక్కకొస్తాయి. డీఓ స్కూళ్లు పాత గ్రేడును పక్కనపెట్టే పద్ధతిని 2017లో ఆపేశాయి.

మార్కులు బాగానే ఉన్నా మానేసేవాళ్లున్నారా?

ఉన్నారు, నన్ను అన్నిటికంటే కలచివేసింది వీళ్ల సంగతే. 2019లో వచ్చిన మరో అధ్యయనం, ప్రీమెడ్ సైన్సు కోర్సుల్లో సమానమైన గ్రేడ్లు వచ్చిన అబ్బాయిలూ అమ్మాయిల్లో అమ్మాయిలే ఎక్కువగా వదిలేస్తున్నారని చూపించింది. సామర్థ్యం తక్కువై కాదు, "నాకు సామర్థ్యం ఉంది" అన్న నమ్మకం తక్కువై.

మా అమ్మాయికి ఆర్గానిక్ మొదటి సెమిస్టర్‌లో బీ ప్లస్ వచ్చింది. అదే తరగతిలో బీ వచ్చిన తన స్నేహితుడు ఇప్పుడు మెడికల్ స్కూల్లో ఉన్నాడు. "బీ ప్లస్ అంటే అయిపోయినట్టే అనుకున్నానమ్మా, ఎవరినీ అడగలేదు" అంది. అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారు, దానితో ఏమీ అయిపోదని.

ఎంక్యాట్ సంగతేమిటి?

అది మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష, దారిలో రెండో పెద్ద మలుపు. నాలుగు విభాగాలు, విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష. స్కోరు 472 నుంచి 528 వరకు. ఎండీ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు 511, 512 దగ్గర ఉంటోంది. ఏడాదిలో మూడుసార్లకు, రెండేళ్లలో నాలుగుసార్లకు, జీవితకాలంలో ఏడుసార్లకు మించి రాయడానికి వీల్లేదు.

చాలామంది ఇక్కడ మానేస్తున్నామని చెప్పరు, వాయిదా వేస్తారు. జనవరి అన్నది ఏప్రిల్ అవుతుంది, ఏప్రిల్ అన్నది వచ్చే ఏడాది అవుతుంది. ఈలోగా ఉద్యోగం వస్తుంది. అలా వాయిదాల్లోనే కల జారిపోయినవాళ్లు నాకు తెలిసిన కుటుంబాల్లోనే ముగ్గురున్నారు.

మార్కులూ స్కోరూ ఉంటే చాలదా?

చాలదు. ఆసుపత్రిలో రోగుల దగ్గర గడిపిన గంటలు, డాక్టర్ల వెంట ఉండి చూసిన షాడోయింగ్, ల్యాబ్‌లో రీసెర్చ్, సేవా కార్యక్రమాలు, ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు, ఇవన్నీ అడుగుతారు. డాక్టరు పక్కనుండి రోగి వివరాలు రాసిపెట్టే స్క్రైబ్‌గానో, అంబులెన్సులో అత్యవసర సాయం చేసే ఈఎమ్‌టీగానో, నర్సింగ్ అసిస్టెంట్‌గానో వందల గంటలు పనిచేస్తారు పిల్లలు. ఇంట్లోనో బంధువుల్లోనో డాక్టరు ఉన్నవాళ్లకు ఒక ఫోన్ కాల్‌తో దొరికే షాడోయింగ్ కోసం మిగతావాళ్లు ముప్పై ఈమెయిళ్లు పెడతారు. ఫీజు కోసం సాయంత్రాలు రెస్టారెంట్లో పనిచేసే పిల్లలు జీతం లేని గంటలు ఎక్కడినుంచి తెస్తారు? వాళ్లు ఆగిపోతే దాన్ని ఆసక్తి లేకపోవడం అనడం అన్యాయం.

అప్లై చెయ్యడానికే చాలా ఖర్చవుతుందంటారు, నిజమేనా?

నిజమే. ఎంక్యాట్ ఫీజు సుమారు 350 డాలర్లు. ఎండీ అప్లికేషన్‌కు మొదటి స్కూల్‌కు సుమారు 175 డాలర్లు, తర్వాత ఒక్కో స్కూల్‌కు యాభైకి కాస్త తక్కువ. ఒక్కొక్కరు సగటున 18 స్కూళ్ల వరకు పెడతారు. ఆ తర్వాత స్కూళ్లు విడివిడిగా సెకండరీ వ్యాసాలు అడుగుతాయి, వాటికి మళ్లీ ఒక్కోదానికి వంద డాలర్ల చుట్టుపక్కల. కోచింగ్ లేకుండానే మూడు వేలు దాటుతుంది. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) ఫీజు సాయం పథకం ఉంది. అది వస్తే 20 స్కూళ్ల దాకా మొదటి అప్లికేషన్ ఉచితం, ఎంక్యాట్ ఫీజు కూడా తగ్గుతుంది. అది ఉందని తెలియక మానుకున్నవాళ్లు ఉన్నారు, దయచేసి నలుగురికీ చెప్పండి.

అసలు ఖర్చు చదువుది. ప్రైవేటు స్కూళ్లలో ఫీజు, తిండి, అద్దె కలిపి నాలుగేళ్లకు మూడు లక్షల డాలర్లు దాటడం మామూలు. అప్పు తీసుకుని చదివినవాళ్లలో సగం మంది నెత్తిన రెండు లక్షలు, ఆపైన ఉంటుంది. 2025 జులైలో వచ్చిన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ ఉండదు. మెడిసిన్ లాంటి కోర్సులకు ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితం. మిగతాది ప్రైవేటు బ్యాంకులోనో తల్లిదండ్రుల దగ్గరో చూసుకోవాలి. న్యూయార్క్ యూనివర్సిటీ 2018లో, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 2024లో ట్యూషన్ ఎత్తేశాయి గానీ, అలాంటి చోట్ల సీటు కోసం పోటీ ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు.

ఇరవై రెండేళ్ల పిల్ల ఒకపక్క ఈ లెక్క చూస్తుంది, మరోపక్క అప్పుడే ఉద్యోగంలో చేరిన కంప్యూటర్ సైన్స్ స్నేహితురాలిని చూస్తుంది. తను ముప్పై దాటేదాకా స్థిరపడనని తెలుస్తుంది. ఆ లెక్క తప్పని నేను అనలేను.

మా అబ్బాయి హెచ్‌-4 మీద పెరిగాడు. అతనికి దారేమిటి?

హెచ్‌-4 అంటే హెచ్‌-1బీ మీద పనిచేసేవాళ్ల భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చే వీసా. ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతు వినగానే తెలిసిపోతుంది. మూడేళ్ల వయసులో గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చి, ఇక్కడే కిండర్‌గార్టెన్ నుంచి చదివిన పిల్లలు. ఇండియాలో పుట్టినవాళ్లకు ఉద్యోగాల ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు వరుస పదేళ్లు దాటి ఉంది. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు రాకముందే పిల్లలకు 21 నిండితే హెచ్‌-4 పోతుంది, విద్యార్థి వీసా అయిన ఎఫ్‌-1కు మారాలి. సరిగ్గా మెడికల్ స్కూల్‌కు అప్లై చేసే వయసు అది.

చాలా మెడికల్ స్కూళ్లు పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనూ మాత్రమే తీసుకుంటాయి. విదేశీ విద్యార్థులను తీసుకునేవి తక్కువ, వాటిలో కొన్ని ఏడాది నుంచి నాలుగేళ్ల ఖర్చు ముందే బ్యాంకులో చూపించమంటాయి. ప్రభుత్వ అప్పు హెచ్‌-4కూ రాదు, ఎఫ్‌-1కూ రాదు. హెచ్‌-4 పిల్లలు జీతం తీసుకుని పని చెయ్యకూడదు కాబట్టి స్క్రైబ్ ఉద్యోగం కుదరదు, జీతం లేని వాలంటీరింగ్‌తో సరిపెట్టుకోవాలి. 4.0 జీపీఏ ఉండి కూడా అప్లై చెయ్యని తెలుగు పిల్లలు నాకు తెలుసు. వాళ్లు మానెయ్యలేదు, వాళ్లకు తలుపు తియ్యలేదు.

చెయ్యగలిగింది ఏమిటంటే, హైస్కూల్లో ఉన్నప్పుడే ఈ మాట మాట్లాడుకోవడం. కాలేజీ మొదటి ఏడాదే విదేశీ విద్యార్థులను తీసుకునే స్కూళ్ల జాబితా రాసుకుని, ఒక్కోదానికి ఈమెయిల్ పెట్టి నియమం రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇమ్మిగ్రేషన్ లాయరుతో పిల్లల వయసు లెక్క ఒకసారి చూపించుకోండి. మూడో ఏడాదిలో తెలుసుకునే పిల్లలు పడే బాధ నేను చూశాను.

ఉండే రాష్ట్రాన్ని బట్టి మారుతుందా?

చాలా. టెక్సాస్‌లో ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు నూటికి తొంభై సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే ఇవ్వాలి, ఫీజూ తక్కువ. కాలిఫోర్నియాలో ప్రీమెడ్ పిల్లలు ఎక్కువ, సీట్లు తక్కువ.

కాలేజీలే పిల్లల్ని ఆపేస్తాయా?

కొన్ని కాలేజీల్లో ప్రీహెల్త్ కమిటీ ఉంటుంది, అది విద్యార్థి తరఫున ఒక ఉత్తరం రాస్తుంది. జీపీఏ తక్కువున్నవాళ్లకు ఆ ఉత్తరం ఇవ్వడానికి వెనకాడే కమిటీలున్నాయి. "మా కాలేజీ నుంచి అప్లై చేసినవాళ్లలో ఇంత శాతం మందికి సీట్లు వచ్చాయి" అని చెప్పుకునే కాలేజీని ఎంచుకునేటప్పుడు, అప్లై చెయ్యనిచ్చింది ఎంతమందిని అని అడగండి. మాకు ఆ ప్రశ్న అడగాలని తెలియలేదు.

బీఎస్-ఎండీ ప్రోగ్రాంలో చేరితే ఈ బాధ ఉండదు కదా?

కొంత ఉండదు. కాలేజీ డిగ్రీనీ ఎండీనీ కలిపి ఇచ్చే ప్రోగ్రాములివి. మిస్సోరీ-కాన్సస్ సిటీ యూనివర్సిటీలో ఆరేళ్ల ప్రోగ్రాం, బ్రౌన్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్ల ప్రోగ్రాం లాంటివి హైస్కూల్ నుంచే తీసుకుంటాయి. సీట్లు బాగా తక్కువ. పదిహేడేళ్లకే డాక్టరు పని తనకు కావాలని నిజంగా తెలిసిన పిల్లలకు ఇది మంచిది. అమ్మానాన్నల కోసం చేరిన పిల్లలకు మాత్రం ఆ ప్రశ్న తర్వాత, ఇంకా బయటపడలేని చోట ఎదురవుతుంది.

ఇంకేదో నచ్చి మానేసేవాళ్ల సంగతి?

వాళ్లూ చాలామందే. డాక్టరు, ఇంజనీరు తప్ప వేరే పని పేరు వినకుండా పెరిగిన పిల్లలు కాలేజీలో పబ్లిక్ హెల్త్, జెనెటిక్ కౌన్సెలింగ్, ఎకనామిక్స్, రచన చూస్తారు. కొందరు ఆసుపత్రిలో నెల రోజులు గడిపాక ఆ జీవితం తమకు సరిపడదని తెలుసుకుంటారు. షాడోయింగ్ ఉన్నది సగం అందుకే. డాక్టర్లతో కలిసి వైద్యం చేసే ఫిజీషియన్ అసిస్టెంట్‌గా రెండు మూడేళ్లలో రోగుల దగ్గరకు చేరేవాళ్లూ ఉన్నారు. ఇలా మారినవాళ్లను ఓడిపోయినవాళ్లుగా చూడటం మన ఇళ్లలో మానాలి.

మా అమ్మాయి మానేస్తానంటోంది. ఏం అడగాలి?

ఒకే ప్రశ్న అడగండి: "డాక్టరు పనే వద్దనిపిస్తోందా, ఈ దారి నీవల్ల కాదనిపిస్తోందా?"

పని వద్దంటే వినండి, ఆపకండి. దారి కష్టమంటే మాత్రం వెంటనే ఒప్పుకోకండి. ఏ కోర్సు, ఏ గ్రేడు, ఎవరేమన్నారు, అన్నీ నెమ్మదిగా అడగండి. ఒక సీ గ్రేడు, తెలియని ఒక నియమం, ఎవరో అడ్వైజర్ పదిహేను నిమిషాల్లో అనేసిన ఒక మాట, వీటి వల్ల ఆగిపోయినవాళ్లకు ఇంకా దారి ఉంటుంది. ఈ తేడా ఆ ఒక్క ప్రశ్నతోనే బయటపడుతుంది. మేము మా అమ్మాయిని అది అడగలేదు. "నాలుగేళ్లు కష్టపడితే ఏం పోయింది?" అని అడిగాం. ఆ తర్వాత తను చాలాకాలం మాతో మనసు విప్పి మాట్లాడలేదు.

ఒకసారి వదిలేస్తే మళ్లీ రావచ్చా?

రావచ్చు. వయసు పరిమితి లేదు. చేరేవాళ్ల సగటు వయసే 24 చుట్టుపక్కల, వాళ్లలో సగం కంటే చాలా ఎక్కువమంది కాలేజీ అయ్యాక కనీసం ఒక గ్యాప్ ఇయర్ తీసుకున్నవాళ్లే. కోర్సులు మిగిలిపోయినవాళ్లు డిగ్రీ అయ్యాక చదివే పోస్ట్‌బాక్ ప్రోగ్రాముల్లో పూర్తి చేస్తారు. ఎంక్యాట్ స్కోరు చాలా స్కూళ్లలో రెండు మూడేళ్ల వరకే చెల్లుతుంది కాబట్టి అప్లై చెయ్యబోయే ఏడాదికి దగ్గరగా రాయడం మంచిది. అప్లికేషన్ ఏటా మే నెలలో తెరుచుకుంటుంది, చేరేది ఎక్కువగా మరుసటి ఏడాది జులై, ఆగస్టుల్లో.

మా అమ్మాయి ఇప్పుడు ఒక కౌంటీ ఆరోగ్య శాఖలో పనిచేస్తోంది. పోయిన నెల ఫోన్‌లో, ఆర్గానిక్ రెండో సెమిస్టర్ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసుల్లో ఉందని చెప్పింది. చేరుతుందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆ క్లాసు ఏ రోజుల్లో ఉంటుందని మాత్రం అడిగాను.